తృణాభ్యుదయం అనబడే ఎకరన్నర బీటి మహాకావ్యం

అవతారిక

ముందుగా విఘ్నేశ్వరుడికి దండం. ఇరవై ఒక్క రకాల పత్రి ఎదుట పోసినా చివరికి రెండు గరికపోచలకే మెత్తబడే దేవుడాయన. గడ్డి మీద కావ్యం రాయబోయేవాడికి అంతకంటే తగిన వేలుపు దొరకడు. పిమ్మట ఆదివరాహమూర్తికి దండం. భూమిని కోరమీద ఎత్తినందుకు లోకం ఆయన్ని కొలుస్తుంది. మేం మాత్రం తుంగగడ్డలు తవ్వుకు తినే జాతిలో అవతరించినందుకు కొలుస్తాం. ఆ గుణం ఎంత ఘనమైనదో ముందు ముందు తెలుస్తుంది. ఆ తరువాత హలధరుడైన బలరాముడికి. అందరికంటే చివర, అందరికంటే ఎక్కువ భక్తితో, అద్దె ట్రాక్టరు యజమానికి. ఫోనెత్తి "రేపొస్తా" అన్నంత మాత్రాన ఆయన ప్రసన్నుడైనట్టు కాదు. ఆయన లోకంలో ఒక రేపు బ్రహ్మదేవుడి పగటితో సమానం.

కుకవినింద చేయనిదే కావ్యం కదలదు. ఈ కథలో కుకవులు గట్టుమీద కూర్చుని సలహాలిచ్చేవాళ్లు. "కిరసనాయిలు పోసి అంటించు మావా" అని ఒకడు, "మందు కొట్టు, మూణ్ణాళ్లలో మాడి మసైపోద్ది" అని ఇంకొకడు, "ఎందుకొచ్చిన తంటా, ప్లాట్లేసి అమ్ముకోరాదూ" అని మరొకడు. వీళ్ల కవిత్వంలో యతి ఉంటుంది, ప్రాస ఉంటుంది, గట్టు దిగే ఉద్దేశం మాత్రం ఉండదు.

ఇక కృతిపతి. కావ్యాలను రాజులకు అంకితమిచ్చే రోజులు పోయాయి. ఇచ్చినా ఇవాళ్టి రాజులు పుచ్చుకున్నట్టు ఫొటో దిగి పుస్తకం కారులో మర్చిపోతారు. కాబట్టి కాటుకకొండ వంటి మేనుదానికి, మెలిదిరిగిన కొమ్ములదానికి, కుడితిగోళెంలో మూతిపెట్టి అర్ధనిమీలిత నేత్రాలతో సమాధిలోకి పోయే యోగినికి, పాలు పితికేవాడి చెంపను తోకతో సరిచేసే దండనాయకురాలికి, మంచి మేత పడిన పూట పొంగిపొరలే దానశీలికి, ఉత్త వరిగడ్డి విసిరిన పూట పొదుగు బిగబట్టే న్యాయమూర్తికి, మా బాబాయి పాకలో కొలువైన గ్రేడెడ్ ముర్రా పట్టమహిషికి అంకితంగా నేను రచింపబూనిన తృణాభ్యుదయానికి కథాక్రమం ఎట్టిదనిన:

ప్రథమాశ్వాసం: పురవర్ణన

జంబూద్వీపంలో, భరతవర్షంలో, మేరువుకు దక్షిణ దిగ్భాగాన, ప్రకాశం జిల్లాలో, గుండ్లకమ్మకు ఈవలి ఒడ్డున, చెరువు అలుగుకు దిగువగా ఎకరన్నర బీడు ఒకటి వెలసి ఉన్నది.

ఆ మహానగరానికి సర్కారు తుమ్మలే ప్రాకారాలు. మావైపు వాటిని చిల్లచెట్లంటారు. ఆ ప్రాకారాల ఎత్తుకు జడిసి సూర్యుడి గుర్రాలు పక్కకు తప్పుకుని పోయేవి. ఆర్టీసీ బస్సుకు ఆ వెసులుబాటు లేక, కిటికీ పక్క కూర్చున్నవాళ్ల మోచేతులకు గీతలు పెట్టించుకుని పోయేది. ప్రాకారం చుట్టూ కందకం. అందులో నీటికి బదులు ఖాళీ నీళ్లప్యాకెట్లు. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలుండాలని, వాటిలో మధుపానం ఒకటని లాక్షణికులు చెప్పిన మాట ఊరి కుర్రాళ్లు శిరసావహించినట్టు ఆ కందకంలోని గాజుసీసాలే సాక్ష్యం. లోపల చెదలనే విశ్వకర్మలు కట్టిన పుట్టలు సౌధాలు. దేనికైనా అవునవునని తలలూపే తొండలు ఆస్థాన పండితులు. ముంగిసలు తలారులు. నగరాధిపతి ఒక రక్తపింజరి. ఆయన్ని కళ్లారా చూసినవాడు ఊళ్లో లేడు గాని, భయమనే పన్ను ఎగ్గొట్టినవాడూ లేడు.

ఈ నగరం ఆదినుంచీ ఇట్లాంటిది కాదు. ఎగువ సగం గరువు నేల, దిగువ సగం నల్లరేగడి. ఆ రేగడిలో ఒకప్పుడు చెంగలి వంశం రాజ్యమేలింది. చెంగలి అంటే సన్నని కాడ గల మేతగడ్డి. తడి నిలిచే నల్లనేలలో దట్టంగా లేస్తుంది, పూతకొచ్చే వేళకు ఎర్రబారుతుంది, ఎండినా పశువు దాన్ని వదలదు. గుండ్లకమ్మకూ అల్లూరేటికీ నడుమనున్న సీమ ఒంగోలు జాతికి పుట్టిల్లు. ఆ జాతి పశువులు 19వ శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. 1960ల్లో మా కరవది నుంచి తరలిన ఒక ఆబోతు, ఊరిపేరే తన పేరుగా అక్కడ వంశకర్త అయి కూర్చుంది. ఇవాళ ఆ దేశపు మందల్లో 'నెలోర్' అని పిలిచే ఆ సంతతిదే పైచేయి. ఆ మూపురాల వెనక గడ్డిపోచల పుణ్యం ఎంత ఉందో బ్రెజిల్ వాళ్లు అడగలేదు, మావాళ్లు చెప్పలేదు.

ఆ తరువాత ట్రాక్టరు వచ్చింది. అది డీజిలు తాగుతుంది, గడ్డి మేయదు. ఎడ్లు సంతకు నడిచాయి. ఎడ్ల వెనకే గడ్డి కోసేవాడూ నడిచాడు. మిగిలిన గేదెకు వరిగడ్డి చాలనుకున్నారు. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లకు మించవు. అది కడుపు నింపుతుంది గాని పొదుగు నింపదు. పైగా కోతమిషను దిగాక ఆ గడ్డి కూడా ముక్కచెక్కలై మడిలోనే రాలిపోతోంది.

ఈ నడుమకాలమంతా బీటి సింహాసనం ఖాళీగా లేదు. 'వచ్చే ఏడు చూద్దాం' అనే దైత్యుడు దానిమీద కూర్చున్నాడు. వాడికి పది తలలు లేవు, ఇరవై చేతులు లేవు. ఉన్న రెండు చేతుల్నీ కట్టుకుని కూర్చోవడమే వాడి ఆయుధవిద్య. ప్రతి ఉగాదికీ పంచాంగశ్రవణం ముగిశాక మా బాబాయి గొంతులో ప్రవేశించి వాడే పలికేవాడు.

ఇది శ్రీమన్మహిషీకరుణాకటాక్షలబ్ధదధ్యన్నపోషిత సహజబద్ధక నామధేయ ప్రణీతంబైన తృణాభ్యుదయంబునందు ప్రథమాశ్వాసము.

ద్వితీయాశ్వాసం: శత్రువర్ణన

నాయకుడి గొప్ప తెలియాలంటే ముందు శత్రువును పొగడాలని పెద్దల ఆన.

సర్వసేనాధిపతి సర్కారు తుమ్మ. అమెరికా ఖండాల ఎడారి సీమల్లో పుట్టిన కులీనుడు. తెల్లదొరల అటవీశాఖవారు వంటచెరకు కరువు తీరుస్తాడని ఓడమీద పిలిపించి, 1877లో కడప సీమలోని కమలాపురం దగ్గర కాలు మోపించారు. కరువైతే తీర్చాడు. ఆ వంటచెరకు మీద ఉడకవలసిన గింజలు పండే నేలను కూడా తీర్చేశాడు. ఆయన పాదాలు పాతాళంలో ఉంటాయి. ఆ జాతి వేరు ఒకటి అరిజోనాలో గని తవ్వుతుంటే 50 మీటర్లకు పైగా లోతున కనబడింది. ఆయన వాహనం మేక. తియ్యని కాయను మేక నములుతుంది. పలుకురాయి వంటి గింజ పంటికి చిక్కకుండా కడుపులోకి జారుతుంది, అక్కడి ఆమ్లానికి పైపొర మెత్తబడి, మరునాడు ఇంకో ఊళ్లో పెంటికతో సహా దిగుతుంది. విత్తనశుద్ధి, రవాణా, ఎరువు మూడూ ఒకే టికెట్టు మీద.

నరికితే చస్తాడా అంటే చావడు. ఏడు సముద్రాలవతల చిలకలో మాంత్రికుడి ప్రాణమున్నట్టు, ఈయన ప్రాణం నేలకింద జానెడు లోతున మొదలు మెడలో దాగుంటుంది. పైన గొడ్డలి పడినప్పుడల్లా ఆ మెడనుంచి ఒక కొమ్మకు పది లేస్తాయి. రెండేళ్లకోసారి వంటకని కొమ్మలు నరుక్కుపోయినవాళ్లంతా, తెలియకుండానే ఆయనకు కిరీటం పెద్దది చేసిపోయినవాళ్లే.

ఇక వయ్యారిభామ. ప్రబంధకవి ఎవడైనా పేరు వినగానే ఘంటం చేతబట్టే నాయిక. క్యారెట్టు ఆకుల పట్టుచీర, తలనిండా ముక్కుపుడక రాళ్లంత తెల్లపూలు. చిరుగాలికి ఆమె ఊగే ఊపు చూస్తే మన్మథుడు చెరకువిల్లు కింద పెట్టి గోక్కోవడం మొదలుపెడతాడు. ఎందుకంటే ఆమె సాంగత్యం వల్ల కలిగే విరహతాపానికి చందనం పనిచేయదు, చర్మవైద్యుడి లేపనమే పనిచేస్తుంది. దురద, దద్దుర్లు, కొందరికి ఉబ్బసం. ఆమెను మేసిన గేదె పాలు చేదెక్కుతాయి. 1950లలో పూనా దగ్గర తొలిసారి కంటబడిన ఈ పరదేశి సుందరి, అమెరికా గోధుమబస్తాల్లో దాక్కుని వచ్చిందని జనశ్రుతి. సంతానవిషయంలో గాంధారి ఈమె కాలిగోటికి చాలదు. ఒక్క మొక్క పదిహేను వేలకు పైగా గింజలు రాల్చగలదు.

మూడోది తుంగ. పైకి చూస్తే మూడుపలకల కాడ, చేతికి మెత్తని ఆకు, సాధుజంతువే. అసలు కోట అడుగున ఉంటుంది. పూసలదండ గుచ్చినట్టు గడ్డకు గడ్డ, గడ్డకు గడ్డ. పైన పీకినవాడి చేతికి ఆకు వస్తుంది, దండ దానిచోట అది ఉంటుంది. ప్రపంచంలోనే ఇంతటి మొండి కలుపు లేదని శాస్త్రజ్ఞులు బిరుదిచ్చారు. మావైపు ఇంకా ముందే ఇచ్చారు గాని, ఆ బిరుదు అచ్చువేయదగినది కాదు.

ఈ ముగ్గురి వెనక పందిముల్లు గడ్డి కాల్బలం. దాని పని ఒకటే: నగరంలో అడుగుపెట్టినవాడి లుంగీని అంగుళం వదలకుండా బాణాలతో నింపి, ఇంటికి పంపి, ఇల్లాలి చేత తిట్టించడం.

తృతీయాశ్వాసం: దూత్యం, మంత్రాంగం, సంగ్రామం

మాఘమాసపు ఒకానొక ఉదయాన మా పిన్ని ఖాళీ పాలబిందెతో పాకనుంచి వచ్చి, పట్టమహిషి పక్షాన రాయబారం ఇట్లా నడిపింది: "ఏమయ్యా, అది పాలియ్యలా. తొట్టివంక చూసి మొహం అటు తిప్పుకుంది. మూడొంతుల డబ్బులు దాణాకే పోతుండె. రేపట్నుంచి నువ్వే పోయి దాంతో మాట్టాడుకో."

శ్రీకృష్ణ రాయబారానికీ దీనికీ తేడా ఒకటే: ఇది ఫలించింది. మా బాబాయి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. దిక్కులు దద్దరిల్లాయి. కనీసం అరుగుమీది కోడి ఎగిరిపోయింది.

చెరువుకట్ట వేపచెట్టు కింద మంత్రాంగం. మా తమ్ముడు ఫోనులో వీడియోలు చూపిస్తూ సర్వనాశన వ్యూహం విప్పాడు: "జేసీబీ దించి మొత్తం పెకిలిద్దాం, రోటవేటరు కొట్టిద్దాం, పైన మందు కొడదాం." అప్పటిదాకా చుట్ట కొరుకుతూ కూర్చున్న పక్కింటి తాత తల తిప్పాడు.

"రోటవేటరా? తుంగమీదనా? రక్తబీజుడి కత ఇనలా నువ్వు? వాడి నెత్తురు చుక్క పడ్డకాడల్లా వాడే లేస్తాడంట. తుంగగడ్డని నాలుగు ముక్కలు చేస్తే నాలుగు తుంగలు. రోటవేటరు తోల్తే నీ మనవల కాలందాకా తుంగే. గడ్డల్ని నరక్క బయటికి తియ్యాల. రోహిణెండకి ఎండబెట్టాల. ఇంకోటి. జేసీబీతో మాకులు తియ్యండిగాని, దిగువ సగం దున్నబాకండి."

"దున్నకపోతే గడ్డెట్లా మొలుస్తది తాతా?"

"చెంగలి చావదబ్బాయ్. చిల్లకంప కింద తల దాచుకోనుంటది. నీడ తీసెయ్. దాని రాజ్యం దానికి తెలుసు."

భీష్ముడు శరతల్పం మీద చెప్పిన రాజనీతి పుస్తకాలకెక్కింది. చుట్టపొగలో తాత చెప్పిన ఈ నీతి ఎకరన్నరకు ఎక్కింది.

దండయాత్ర వర్ణన. నాయకుడి కవచం: నిండుచేతుల పాతచొక్కా, మొహానికి తువ్వాలు, చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్లకు మా తమ్ముడి కాలేజీ బూట్లు. పరికరాలు: గునపం, గొడ్డలి, పార, కంపను తోయడానికి పంగలకర్ర. జేసీబీ అనే ఐరావతం పెద్ద మాకుల సంగతి చూసుకుంది. దాని తొండానికి అందని మూలల్లో ఉన్నవాటితో ద్వంద్వయుద్ధమే గతి.

అట్లాంటి ఒక ద్వంద్వయుద్ధాన్ని దగ్గరగా చూద్దాం. బుంగంత మొద్దు. ఏళ్లతరబడి నరికిన మచ్చలమీద మచ్చలు పడి దాని నెత్తి బండబారింది. బాబాయి చుట్టూ పారతో మట్టి తీశాడు. అంగుళం దిగేసరికి గరుసురాయి. గునపం పడ్డప్పుడల్లా ఖంగుమని గుడిగంట మోగింది. జానెడు దిగాక బయటపడింది మెడ: ఎర్రమన్ను పూసుకున్న ఒక ఉబ్బు, దానిచుట్టూ ఆవగింజల్లా అంటుకున్న మొగ్గలు. నలభయ్యేళ్లుగా ఊరిని వేధించిన మాంత్రికుడి చిలక ఇదన్నమాట. బాబాయి దాని కిందికి గునపం దూర్చి, రెండో కొసమీద తన యావద్బరువూ మోపి వేలాడాడు. నేల మూలిగింది. బాబాయి అంతకంటే గట్టిగా మూలిగాడు. చివరివేరు పుటుక్కున తెగి మొద్దు పక్కకు ఒరిగింది. విజయగర్వంతో వీరుడు అడుగు వెనక్కివేయగా, ఓడిన శత్రువు చివరి బాణంగా నేలమీద వదిలిన ముల్లు బూటుచీలికలోంచి దూరి మడమ చేరింది. "అబ్బాయ్, పిన్నీసు తే" అని ఆకాశం బద్దలయ్యేలా వినిపించింది. కర్ణుడి రథచక్రం కుంగినప్పుడు కూడా ఇంత కేక పుట్టి ఉండదు.

పడిన శత్రువుల కళేబరాలకు గౌరవమర్యాదలు జరిగాయి. లావు దుంగలు బొగ్గుబట్టీవాళ్లు పట్టుకుపోయారు. ముళ్లకొమ్మలు బీడు చుట్టూ కంచెగా నాటుకున్నాం. మేక లోపలికి రాకూడదంటే మేక సారథ్యంతో వచ్చినవాడి ఎముకలకంటే మంచి కోటగోడ ఏముంటుంది?

వయ్యారిభామమీద యుద్ధానికి ముహూర్తం వేరు. వేసవిజల్లు పడి నేల మెత్తబడిన మరునాడు, మొగ్గ విచ్చకముందు, వేరుతో సహా లాగాలి. పూశాక పీకితే పీకినవాడే విత్తినవాడవుతాడు. ఈ యుద్ధంలో మాకొక పరదేశి మిత్రుడు తోడయ్యాడు. ఆకులమీద మచ్చలమచ్చల పెంకుపురుగు. భామ వెంటబడి తినడానికే 1980లలో దాని సొంతదేశం మెక్సికో నుంచి బెంగళూరుకు రప్పించిన జాతి. సుగ్రీవసైన్యమంత లేకపోయినా, ఓ మూలన పదిమొక్కల్ని ఈనెలు మిగిల్చి నమిలి పెట్టింది. మిత్రధర్మంగా ఆ పదింటినీ మేం ముట్టుకోలేదు.

ఇక రక్తబీజుడు. రోహిణికార్తె. రోళ్లు పగులుతాయని సామెత ఉన్న ఎండ. గరువు నేలలో పొడిదుక్కి చేయించి, గడ్డల దండల్ని బయటికి లాగి ఎండలో పరిచాం. మిగిలినవాటి కోసం ఊరపందులు రెండు రాత్రిపూట కంచె సందులోంచి వచ్చి నేలంతా ముట్టెలతో తిరగేసి పోయాయి. ఊళ్లో అందరూ అదిలించే జీవాల్ని ఆ ఒక్కసారికీ మేం చూసీ చూడనట్టున్నాం. అవతారికలో పెట్టిన దండం వృథా పోలేదు.

చతుర్థాశ్వాసం: వర్షాగమనం, స్వయంవరం

మృగశిర వెళ్లింది, ఆరుద్ర వచ్చింది. మేఘుడనే ట్రాక్టరు యజమాని కూడా "రేపొస్తా" అని పలుమార్లు ఉరిమి చివరికి వచ్చాడు. గరువు నేల నీళ్లు తాగిన సద్దు గట్టుదాకా వినిపించింది. భూకాంతకు స్వయంవరం చాటించారు.

మొదటగా వచ్చినవాడు సూపర్ నేపియర్. థాయిలాండు దేశస్థుడు, ఆజానుబాహువు కాదు, ఆ-ఆకాశబాహువు. రెండు కణుపుల ముక్క నాటితే ఏనుగంత గుబురు. "నన్ను వరిస్తే నెలన్నరకోసారి కోత" అని మీసం దువ్వాడు. భూకాంత చెలికత్తె, అంటే మా పిన్ని, ఒకే ప్రశ్న వేసింది: "నీళ్లు?" అతడు తల దించుకున్నాడు. వానమీద బతికే నేలకు ఆ అల్లుడు మోయలేని బరువు. అయినా వచ్చిన అతిథిని పొమ్మనకుండా, పాక కడిగిన నీళ్లు పారే కాలవగట్టున నాలుగు వరసలు కేటాయించారు.

తరువాత ఎండుదేశపు యోధుడు అంజన్ గడ్డి, చేయిపట్టుకుని స్టైలో. అంజన్ గింజ దూదిపింజలా ఉంటుంది, విసిరితే గాలి ఎత్తుకుపోతుంది. అందుకని తడి ఇసుకలో కలిపి చల్లాలి. స్టైలో గింజకు చర్మం దళసరి. కొద్ది నిమిషాలు వేడినీళ్లలో ముంచి, ఆపైన రాత్రంతా చన్నీళ్లలో నానబెడితేగాని మొలక ఇవ్వదు. గడ్డి జాతికి అతడు, చిక్కుడు జాతికి ఆమె. ఆమె వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి, అతడు దాన్ని తిని బలుస్తాడు. ఆదర్శదాంపత్యం. గరువు నేల వీళ్లకు దక్కింది. గింజ వేలిగోరు లోతుకు మించి పోకూడదని తాత శాసనం. అందుకని గొర్రు తోలకుండా చెట్టుకొమ్మ ఈడ్చి మట్టి కప్పారు.

చివరగా గట్టుమీదికి దశరథ గడ్డి. పేరు అయోధ్యది, పుట్టుక లంకది. ఆకు చూస్తే సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమని తెలిసిపోతుంది. వృక్షశాస్త్రమూ అదే మాటంటుంది. ముల్లు లేకుండా, మాంసకృత్తులతో పుట్టిన విభీషణుడు. శరణన్నవాడిని కాదనడం మన వంశంలో లేదు గనుక గట్టంతా అతడికి రాసిచ్చారు.

దిగువ రేగడిలో ఎవరూ ఏమీ చల్లలేదు. మొద్దులు పీకిన గుంటలు పూడ్చి వదిలేశారు. గట్టుకవులకు పండగ. "ముప్పావు ఎకరం బీడు పోయి ముప్పావు ఎకరం గుంటలయ్యాయే" అని సీసపద్యాలు చదివారు. వాటిని మట్టిలో కలిపింది శ్రావణం. మొదట గుంటల అంచున ఈనెలంత పచ్చదనం. తరువాత ఆ పచ్చదనానికి కాళ్లొచ్చాయి. తాత మోకాళ్లమీద కూర్చుని ఒక పోచ తుంచి, నమిలి, ఉమ్మకుండా మింగి, "వచ్చాడ్రా" అన్నాడు. వనవాసం చేసిన రాజు రాజధానికి తిరిగొచ్చాడు. పట్టాభిషేకానికి పూలు ఎవరూ తేలేదు, ఎందుకంటే అప్పటికి పూతకు సిద్ధమవుతున్నది వయ్యారిభామ ఒక్కతే.

అవును, ఆమె మళ్లీ వచ్చింది. పీకినవారి కంటబడని గింజలు నేలలో కోకొల్లలు. తుమ్మ మొలకలు కూడా లేచాయి, పాత పెంటికలు పడినచోటల్లా. ఇక్కడే కావ్యం ఒక మెలిక తిరుగుతుంది. కత్తికి లొంగినవాళ్లు కత్తి ఒరలో పెట్టగానే లేస్తున్నారంటే, కత్తి ఒరలో పెట్టడమే తప్పు. భాద్రపదంలో పూతకు ముందు బాబాయి బ్రష్ కట్టరుతో బీడంతా నాలుగు వేళ్ల ఎత్తు వదిలి ఒకసారి తలకొట్టించాడు. తుమ్మ మొలకల్ని తడినేలలో వేరుతో లాగించాడు.

చూసినవాళ్లు లబలబలాడారు: ఇప్పుడిప్పుడే లేచిన గడ్డిని కోసేస్తారా అని. వాళ్లకు తెలియని రహస్యం గడ్డి పుట్టుకలో ఉంది. కలుపుమొక్కకు ఎదుగుదల తలలో ఉంటుంది, గడ్డికి మొదట్లో ఉంటుంది. తలకొడితే అది డీలాపడుతుంది, ఇది కిందినుంచి నాలుగు పిలకలు వేస్తుంది. ఆ పిలకల నీడ కమ్మితే తుంగకు ఊపిరాడదు; రోహిణెండకు చావని రక్తబీజుడు నీడకు నీరసిస్తాడు. కోసినకొద్దీ చిక్కబడే సైన్యం లోకంలో గడ్డి ఒక్కటే. ఇన్నాళ్లూ ఈ బీటిని పాడుచేసింది తుమ్మా కాదు, భామా కాదు. కొడవలి రాకపోవడం. ఎడ్లు పోయిన నాడు గడ్డి చావలేదు. దాన్ని కోసేవాడు రావడం మానిన నాడు చచ్చింది. మిగతావాళ్లంతా ఖాళీ ఇంటికి తాళం లేదని చూసి దిగినవాళ్లే.

పంచమాశ్వాసం: లవనం, సముద్రుడి కోపం, దుర్గనిర్మాణం, నైవేద్యం

కార్తీకపు వానలు వెనకపట్టాయి. చెంగలి పూతకొచ్చి రేగడి అంతా చిలకముక్కు రంగు తిరిగింది. గడ్డిలో సారం పూతవేళ ఉన్నంత ఆ తరువాత ఉండదు. గింజ ముదిరితే కాడ పుల్ల అవుతుంది. కనుక మార్గశిరంలో కోత పెట్టారు. నడుమనుంచి అంచుకు కోసుకుపోవాలని తాత మరో శాసనం: లోపలున్న కౌజులు, ముంగిసలు బయటికి తప్పుకోవడానికి దారుండాలి. ఒకచోట గుబురులో కౌజు గుడ్లు కనబడ్డాయి. ఆ చోటిని చాపంత మేర వదిలేసి కొడవళ్లు పక్కకు తిరిగాయి. ఆ చాప వచ్చే ఏటి విత్తనానికి కూడా పనికొచ్చింది. నగరాధిపతి రక్తపింజరి మాత్రం కోతంతా అయ్యేదాకా దర్శనమివ్వలేదు. పదవీచ్యుతుల మర్యాద అది.

కోసిన గడ్డిని మంచు ఆరాక పరిచారు, మధ్యాహ్నం తిరగేశారు, సాయంకాలం మళ్లీ మంచు తగలకుండా చిన్నచిన్న కుప్పలు వేశారు. స్టైలోను మాత్రం పొద్దున్నే, ఆకు కాస్త పదునుమీద ఉండగానే తిరగేయాలి. ఎండెక్కాక ముట్టుకుంటే ఆకంతా రాలి కాడే చేతికొస్తుంది. సారమంతా ఆకులోనే.

రెండోనాటి సాయంత్రం సముద్రుడికి కన్ను కుట్టింది. బంగాళాఖాతంలో వాయుగుండమని ఫోన్లన్నీ ఒకేసారి కూశాయి. ఆకాశం తూర్పున ఏనుగుల్ని కట్టింది. కుప్పలమీద పట్టాలు కప్పాలా, ఉన్నదున్నట్టు వామి వేయాలా అని మళ్లీ మంత్రాంగం. తడిగడ్డి వామి వేస్తే లోపల సూక్ష్మజీవులు పెచ్చుమీరి వేడి పుడుతుంది. ముందు బూజు పడుతుంది, వేడి మరీ ముదిరితే వామి తనంతట తానే అంటుకుంటుంది. సముద్రుడికి భయపడి అగ్నిహోత్రుడి ఒళ్లో కూర్చోవడమన్నమాట. బాబాయి ఒక పిడికెడు గడ్డి తీసి, రెండు చేతులా తాడు పేనినట్టు మెలిపెట్టాడు. ఊరి చెవులన్నీ ఆ పిడికిలి వైపు తిరిగాయి. పుటపుటమని విరిగింది. అరచేతికి చెమ్మ అంటలేదు.

"వామి" అన్నాడు బాబాయి. పాంచజన్యం పూరించినట్టయింది.

అడుగున తాటిదుంగలు, వాటిమీద తుమ్మకంప పరుపు, చెమ్మ ఎక్కకుండా. కిందినుంచి మోపులు ఎగురుతున్నాయి, పైన మా తమ్ముడు వామి తొక్కుతున్నాడు. నడుము ఎత్తు, తల ఎత్తు, నిచ్చెన ఎత్తు. అంచులు కొద్దిగా వాలుగా, నడుమ గుమ్మటంగా, నీటిచుక్క నిలవకుండా. మయసభలో దుర్యోధనుడు జారిపడ్డాడు. ఈ కోటమీంచి మా తమ్ముడు జారి, అదృష్టవశాత్తూ గడ్డిలోనే పడ్డాడు. చివరి పట్టా కట్టి తాడు బిగించేసరికి మొదటి చినుకు పడింది. ఆ రాత్రంతా సముద్రుడు కోటను చుట్టుముట్టి కొట్టాడు. తెల్లారి చూస్తే పైపొర తడిసింది, జానెడు లోపల చెయ్యిపెడితే గడ్డి గలగలమంది.

నాలుగోనాడు మహానైవేద్యం. పసుపురాసిన గడపలో నుంచి పిన్ని ఒక పన చెంగలి తెచ్చి తొట్టిలో వేసింది. పట్టమహిషి చూసింది. ముట్టె దించింది. రెండు ముక్కుపుటాల్లోంచి ఒక నిశ్వాసం విడిచింది, పోచలు చెదిరాయి. ఇంద్రసభలో రంభ పాదం ఎత్తి పట్టుకున్న క్షణంలా అందరూ ఊపిరి బిగబట్టారు. నాలుక వచ్చింది. పోచ పోయింది. ఆపైన కరకరమనే ఆ శబ్దానికి సరితూగే రాగం త్యాగరాజస్వామి కూడా కట్టలేదు.

విజయశాసనం రాతిమీద చెక్కించలేదు. వారం తిరిగాక పాలకేంద్రంలో మిషను కక్కిన వేలెడంత కాగితంమీద వెన్నశాతం అంకె ఒక మెట్టు పైకెక్కి కనబడింది. నాలుగు రోజులకు ఆ సిరా చెరిగిపోతుందని తెలిసీ పిన్ని దాన్ని దేవుడి పటం వెనక దాచింది.

ఫలశ్రుతి

ఈ కావ్యాన్ని విన్నవారికి దురద పోతుందని, చదివినవారికి వామి నిండుతుందని నేను చెప్పబోవడం లేదు. వినడం వల్లా చదవడం వల్లా వచ్చే ఫలం గట్టుకవుల దగ్గర కావలసినంత ఉంది. ఇది ఏటేటా చేసే పారాయణం. భామ పూతకు ముందు ఒక ఆశ్వాసం, చెంగలి పూతలో ఒక ఆశ్వాసం, నడుమ తుమ్మమొలక కనబడ్డప్పుడల్లా ఒక చాటువు. నేలలో తుమ్మగింజలు ఏళ్లకేళ్లు ఓపిగ్గా కూర్చుంటాయి గనుక, ఉద్యాపన ఎప్పుడని అడగరాదు. ఒక్క ఏడు ఎగ్గొట్టినా మొదటి పద్యం నుంచి మళ్లీ ఎత్తుకోవాలి, ముల్లుతో సహా. పారాయణానికి పురోహితుడు అక్కరలేదు, తిథివారనక్షత్రాలు చూడనక్కరలేదు. ఆకురాయి మీద కొడవలికి పదును పెట్టుకుని, చెప్పులు గట్టిగా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుంటే చాలు.